పెద్ద మాస్టారి తర్వాత కోర్టులో ఎవరు?

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే చిక్కు. ఏళ్ల తరబడి కాలేజీ బాస్కెట్‌బాల్ టీమును నడిపిన పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మాస్టారు రిటైరవుతున్నారు. ఆయన చోటులోకి ఎవరు రావాలి, వచ్చినవాళ్లు ఏం చేయాలి, వెళ్లినవాళ్లు ఎక్కడ ఉండాలి? మా క్రీడా విభాగం జవాబులు ఇవి.

ప్రశ్న (పూర్వ విద్యార్థుల సంఘం సభ్యుడు, విజయనగరం): ముప్పై ఏళ్లకు పైగా మా టీమును నడిపిన మాస్టారు వచ్చే మే నెలాఖరుకు రిటైరవుతారు. ఆయన దగ్గరే ఆడి, తర్వాత వ్యాయామ విద్య చదివిన కుర్రాణ్ణి తీసుకోవాలని మేనేజ్‌మెంట్ అనుకుంటోంది. మిగిలిన ఈ ఏడాదిలో ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు: ముందు పేరు తేల్చి నోటీసు బోర్డు మీద పెట్టించండి. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి అది జరిగిపోవాలి. పేరు తేలకపోతే సీనియర్ ఆటగాళ్లు తలా ఒక అభ్యర్థి వెనక చేరతారు, ప్రాక్టీసు కంటే కబుర్లు ఎక్కువవుతాయి.

అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ ఈ పని శుభ్రంగా చేసింది. 1980 నుంచి అక్కడ కోచ్‌గా ఉండి ఐదు జాతీయ టైటిళ్లు తెచ్చిన మైక్ షషెఫ్‌స్కీ, 2021–22 తన ఆఖరి సీజన్ అని 2021 జూన్‌లోనే చెప్పేశారు. ఆయన తర్వాత జాన్ షేయర్ అని కూడా అప్పుడే తేలింది. షేయర్ 2010లో టైటిల్ గెలిచిన డ్యూక్ జట్టులో ఆడినవాడు, ఆనక అదే బెంచీ మీద అసిస్టెంట్‌గా కూర్చున్నవాడు. కోచ్‌గా తొలి సీజన్లోనే, 2023లో, తమ కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీల కూటమి) టోర్నీ గెలిపించాడు. 2025లో జట్టును జాతీయ టోర్నీ చివరి నాలుగులోకి తీసుకెళ్లాడు.

ఈ పద్ధతికి ఒక బెడద ఉంది. ఏడాది ముందే చెప్పేస్తే ప్రతి మ్యాచూ వీడ్కోలు సభ అయిపోతుంది. షషెఫ్‌స్కీ సొంత కోర్టులో ఆడించిన చివరి మ్యాచ్ 2022 మార్చి 5న జరిగింది. పాత శిష్యులు డజన్ల కొద్దీ వచ్చి కూర్చున్నారు. ఆ రోజే నార్త్ కరోలినా యూనివర్సిటీ జట్టు 94–81తో కొట్టి పోయింది. నాలుగు వారాల తర్వాత జాతీయ సెమీఫైనల్లో కూడా 81–77తో అదే జట్టు ఆయన్ను ఇంటికి పంపింది. శాలువాలూ దండలూ ఏమున్నా టోర్నమెంట్లన్నీ అయ్యాకే పెట్టుకోండి.

ఇక నెలల లెక్క. జూన్ నుంచి ఆగస్టు నడిమి వరకు ప్రాక్టీసు మాస్టారిదే, కొత్తాయన పక్కన నిలబడి రాసుకుంటాడు. అక్కడి నుంచి దసరా దాకా వారంలో రెండు సాయంత్రాలు కొత్తాయనవి. ఆ రెండు రోజులూ మాస్టారు గట్టు మీదే కూర్చోవాలి, విజిల్ జేబులోనే ఉండాలి. ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో తేలిక మ్యాచ్‌లు కొత్తాయన నడపాలి, గట్టి మ్యాచ్‌లు మాస్టారు. సంక్రాంతి తర్వాత మొత్తం కొత్తాయనదే. ఏప్రిల్‌లో సామాను లెక్క.

తేడా వచ్చేది ఎక్కువగా టైమ్‌అవుట్‌లో, అంటే కోచ్ ఆట ఆపించి మాట్లాడే విరామంలో. మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు టైమ్‌అవుట్‌లు ఉంటాయి. ఒక్కోటి ఒక్క నిమిషమే. కుర్రాళ్లు నడిచి వచ్చి నీళ్లు తాగేసరికి ఇరవై సెకన్లు పోతాయి. మిగిలిన నలభై సెకన్లలో ఇద్దరు మాట్లాడితే కుర్రాడు ఒక్కటీ వినడు, లేదా ఎవరి మాట తనకు నచ్చిందో అదే వింటాడు. మ్యాచ్ ఎవరిదైతే గొంతు వారిదే. రెండోవారు చెప్పదలిస్తే చెవిలో చెప్పాలి, అదీ కోచ్ చెవిలో, ఆటగాడి చెవిలో కాదు.

అన్నిటికంటే విలువైంది ఓ రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. మాస్టారి తలలో ఉన్నది అందులోకి దిగాలి. ఎవరి ఎత్తెంత, ఏ చేతి వాటం, ఎవరి చీలమండ పోయినేడు మెలిక పడింది అన్నవి ఎలాగూ రాస్తారు. జనం మర్చిపోయేవి వేరే ఉంటాయి. గజపతినగరం కుర్రాడికి ఆఖరి బస్సు ఎన్నింటికి, ఎవరి ఇంట్లో నాన్నగారితో కంటే మావయ్యతో మాట్లాడితే పని అవుతుంది, లైట్ల స్విచ్ తాళం ఏ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, రింగు ఊడితే వెల్డింగుకు ఎవరు వస్తారు, యూనివర్సిటీ ఎంట్రీ ఫారాలకు పదో తరగతి మెమో జిరాక్సులు ఎన్ని కావాలి. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి సిరిమాను, ఆ రెండు రోజులూ విజయనగరంలో ప్రాక్టీసు పెట్టినా ఎవరూ రారు. వచ్చి చూసి కోపం తెచ్చుకోవడం కంటే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోవడం నయం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను కాలం, పది రోజులు కోర్టు తడిగా ఉంటుందనుకుని పట్టిక వేసుకోవాలి. మాస్టారికి రాసే ఓపిక లేకపోతే ఆదివారం పొద్దున్న ఓ గంట ఆయన్ను మాట్లాడించి ఫోన్లో రికార్డు చేసి, కొత్తాయనే రాసుకోవాలి. రాస్తున్నప్పుడే ఆయనకు అనుమానాలు పుడతాయి, అడగడానికి మనిషి ఎదురుగా ఉంటాడు.

ప్రశ్న (ఈ ఏడాదే చేరిన కోచ్, శ్రీకాకుళం): ఏం చెప్పినా 'మాస్టారు ఇలా చెప్పలేదు సార్' అంటున్నారు. ఆయన ఎప్పుడూ 2–3 జోన్ డిఫెన్స్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, తలా ఒక చోటు కాసేది) ఆడించేవారు. నాకు మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో ఆటగాణ్ణి కాసేది) మీద నమ్మకం. ఎప్పుడు మార్చాలి?

జవాబు: ఈ ఏడాది ఇంటర్ కాలేజియేట్ అయ్యేదాకా ముట్టుకోకండి. మాస్టారి మీద గౌరవం కోసం ఈ మాట అనడం లేదు, కాళ్ల సంగతి చూసి అంటున్నాం. జోన్‌లో పెరిగిన కుర్రాడు బంతిని చూస్తూ తన చోటు కాస్తాడు. మ్యాన్ టు మ్యాన్‌లో బంతినీ మనిషినీ రెంటినీ కళ్లలో పెట్టుకోవాలి. అలవాటు లేనివాడు బంతిని చూస్తూ ఉండిపోతాడు, వాడి మనిషి వెనక నుంచి జారుకుని రింగు కింద తేలతాడు. దాన్ని ఆపబోయి చేత్తో లాగుతాడు, ఫౌలు. క్వార్టర్‌లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే ఆ తర్వాత ప్రతి డిఫెన్స్ ఫౌలుకూ అవతలివాళ్లకు రెండేసి ఫ్రీత్రోలు, అంటే ఎవరూ అడ్డుపడకుండా గీత దగ్గర నుంచి వేసే షాట్లు. ఐదు ఫౌళ్లతో మీ పొడుగు కుర్రాడు మూడో క్వార్టర్‌లోనే బయట కూర్చుంటాడు. జోన్ ఆడే జట్టు ఏడుగురితో నెట్టుకొస్తుంది. మ్యాన్ టు మ్యాన్‌కు కనీసం తొమ్మిది మంది పరిగెత్తగలిగినవాళ్లు కావాలి. మీ దగ్గర ఉన్నారా?

మార్చదలుచుకుంటే ఎనిమిది వారాలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు బంతి లేకుండా పక్క అడుగులు మాత్రమే, రోజుకు పది నిమిషాలు. కాళ్లు తగలకూడదు, నడుము లేవకూడదు. మూడు, నాలుగు వారాలు ఒకడికి ఒకడు, కోర్టును నిలువునా మూడు పట్టీలు చేసి ఒక పట్టీలోనే ఆడించాలి. ఐదు, ఆరు వారాలు ముగ్గురికి ముగ్గురు, ఇక్కడే సాయం వెళ్లడం, తిరిగి రావడం నేర్పాలి. చివరి రెండు వారాలకు గానీ ఐదుగురికి ఐదుగురు వద్దు. చాలామంది కోచ్‌లు మొదటి రోజే ఐదుగురితో మొదలుపెడతారు, తప్పు ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఈలోగా చిన్న కిటికీ తెరుచుకోవచ్చు. మీ జట్టు ఫ్రీత్రో వేసినప్పుడు మాత్రం ఫుల్ కోర్ట్ మ్యాన్ టు మ్యాన్ పట్టించండి. బంతి ఆగిన సమయం కాబట్టి ఎవరికి ఎవరో చూసుకునే వ్యవధి ఉంటుంది. బంతి సగం గీత దాటగానే పాత జోన్‌లోకి తిరిగి రావాలి. అవతలివాళ్లు ఎనిమిది సెకన్లలో దాటలేకపోతే బంతి మీకే వస్తుంది.

మాస్టారు పెట్టిన పేర్లూ చేతి సైగలూ మార్చకండి. పిడికిలి చూపిస్తే ఏ ఆటో, రెండు వేళ్లు చూపిస్తే ఏ ఆటో వాళ్ల ఒంటికి పట్టేసింది. అదే కదలికకు కొత్త పేరు పెడితే ఒరిగేది ఏమీ లేదు, ఒత్తిడిలో కుర్రాడు పాత పేరే వింటాడు.

మీదంటూ ఏదైనా తేవాలనుకుంటే ఎవరికీ పోటీ రాని చోట తెండి. గంటన్నర ప్రాక్టీసును కాగితం మీద రాసి గోడకు అంటించండి: పది నిమిషాలు ఒళ్లు వేడెక్కడానికి, పదిహేను లేఅప్‌లు (రింగు దగ్గరికి పరిగెత్తి వేసే షాట్లు) రెండు చేతులా, ఇరవై షూటింగ్, పదిహేను డిఫెన్స్, ఇరవై ఆట, చివరి పది ఫ్రీత్రోలు, అవీ అలిసిపోయిన కాళ్లతోనే. లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ కోచ్ జాన్ వుడెన్ ప్రతి ప్రాక్టీసునూ ఇలా నిమిషాల లెక్కన చిన్న కార్డు మీద రాసుకుని వచ్చేవారు. సీజన్ మొదటి రోజు ఆయన నేర్పేది సాక్సు తొడుక్కోవడం. మడత పడితే పొక్కు, పొక్కు లేస్తే నాలుగు రోజుల ప్రాక్టీసు పోతుంది. చెక్క నేల మీద ఆడేవాళ్లకే ఆ జాగ్రత్త ఉంటే, మే నెల సిమెంటు మీద ఆడే మన కుర్రాళ్ల సంగతి చెప్పేదేముంది.

ప్రశ్న (రిటైరైన మాస్టారు, నరసన్నపేట): సాయంత్రం అయ్యేసరికి కాళ్లు కోర్టు వైపే లాగుతాయి. వెళ్లి గట్టు మీద కూర్చుంటాను, ఏమీ మాట్లాడను. కొత్తాయనకు ఇబ్బందా?

జవాబు: ఇబ్బందేనండి మాస్టారూ. మీరు మాట్లాడకపోయినా కుర్రాళ్లు ప్రతి షాట్ తర్వాతా మీ మొహం చూస్తారు. మీరు తల ఊపితే ఒక అర్థం, ఊపకపోతే ఇంకో అర్థం. మొదటి ఏడాది ఇంటర్ కాలేజియేట్ అయ్యేదాకా ఆ వైపు వెళ్లకండి. మ్యాచ్‌లకు రండి, అవతలి గోలు వైపు కుర్చీ వేయించుకోండి. కొత్తాయన ఫోన్ చేస్తే గంటసేపు చెప్పండి, చేయకపోతే ఆగండి. ఈలోగా మీ ఊళ్లో హైస్కూలు పిల్లలకు పొద్దున్న ఓ గంట బంతి పట్టించండి. అలా తయారైన పిల్లలే రేపు ఆ కాలేజీ టీములోకి వస్తారు, అప్పుడు మీరు గట్టు మీద కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి): గొప్ప కోచ్ తర్వాత వచ్చినవాడు తప్పకుండా దెబ్బతింటాడని మా సీనియర్లు అంటున్నారు. నిజమా?

జవాబు: సగమే నిజం. ఆ మాట ఎక్కువగా యూసీఎల్ఏ చూసి పుట్టింది. వుడెన్ 1948 నుంచి 1975 దాకా అక్కడ ఉన్నారు. చివరి పన్నెండేళ్లలో పది జాతీయ టైటిళ్లు, మధ్యలో వరసగా 88 గెలుపులు. 1975 సెమీఫైనల్ అవగానే రిటైరవుతున్నానని చెప్పి, ఫైనల్లో కెంటకీని 92–85తో ఓడించి వెళ్లిపోయారు. తర్వాత వచ్చినాయన జీన్ బార్టో. రెండు సీజన్లలో 52 గెలుపులు, 9 ఓటములు. ఏ కాలేజీ అయినా పూలదండ వేసే లెక్క అది. అక్కడ మాత్రం ప్రతి ఓటమికీ సణుగుడే. పాపం ఆయన మొదటి మ్యాచే ఇండియానాతో పడింది, 84–64తో ఓడారు. ఆ ఇండియానా జట్టు ఆ సీజన్లో ఆడిన 32 మ్యాచ్‌లూ గెలిచి టైటిల్ కొట్టింది, దాని చేతిలో ఓడనివాళ్లు ఎవరు? బార్టో 1977లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో కొత్త టీము కట్టడానికి వెళ్లిపోయారు. యూసీఎల్ఏకు మళ్లీ టైటిల్ వచ్చింది 1995లో.

ఇక రెండో సగం. కెంటకీలో ఎడాల్ఫ్ రప్ 1930 నుంచి 1972 వరకు ఏలారు, యూనివర్సిటీ నిబంధన ప్రకారం డెబ్బై ఏళ్లకు దిగక తప్పలేదు. ఆయన అసిస్టెంట్ జో బి. హాల్ ఆరేళ్లలో, 1978లో, టైటిల్ తెచ్చారు. నార్త్ కరోలినాలో 36 ఏళ్లు ఉన్న డీన్ స్మిత్ 1997 అక్టోబరులో, ప్రాక్టీసు మొదలవడానికి కొద్ది రోజుల ముందు దిగిపోయారు. బయటివాళ్లను వెతికే వ్యవధి ఇక లేదు, ముప్పై ఏళ్లు పక్కన కూర్చున్న బిల్ గుత్‌రిడ్జ్‌కే బాధ్యత వచ్చింది. మూడు సీజన్లలో రెండుసార్లు చివరి నాలుగుకు వెళ్లి ఆయనా రిటైరయ్యారు. కనెక్టికట్‌లో జిమ్ కల్హూన్ 2012 సెప్టెంబరులో తప్పుకుంటే, ఆయన దగ్గర ఆడిన కెవిన్ ఆలీ 2014లోనే టైటిల్ కొట్టాడు. అదే ఆలీని 2018లో తీసేశారు. విలనోవాలో రెండు టైటిళ్ల జే రైట్ 2022లో రిటైరైతే, ఆయన పాత అసిస్టెంట్ కైల్ నెప్ట్యూన్ మూడు సీజన్లు జట్టును జాతీయ టోర్నీకే చేర్చలేక 2025 మార్చిలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

వీటన్నిట్లో మాకు కనిపించేది ఇది. మొదటి రెండేళ్లు ఆడేది పాత కోచ్ ఎంపిక చేసిన పిల్లలే. అసలు పరీక్ష మూడో ఏడాది, సొంతంగా ఎంచుకున్న పిల్లలతో. మన డిగ్రీ కాలేజీల్లో చదువే మూడు నాలుగేళ్లు కాబట్టి ఈ లెక్క ఇక్కడా అంతే. అందుకని కొత్తాయనలో చూడాల్సింది మ్యాచ్ నడిపే తెలివి ఒక్కటే కాదు. ఇంటర్మీడియట్ కాలేజీలకు వెళ్లి ఎత్తున్న పిల్లల్ని వెతికే ఓపిక ఉందా, వెయిట్ లిఫ్టింగ్ వైపో కబడ్డీ వైపో వెళ్లే పిల్లాణ్ణి బంతి వైపు తిప్పగలడా అన్నది చూడాలి. కొండవెలగాడ లాంటి ఊళ్లో బరువులెత్తే పిల్లలు తరం తర్వాత తరం ఎందుకు వస్తున్నారంటే, పెద్దలు చిన్నపిల్లల దగ్గరికే వెళ్లి నేర్పుతారు గనక.

మీ సీనియర్లకు ఇంకో సంగతి చెప్పండి. డ్యూక్‌లో షషెఫ్‌స్కీ మొదటి మూడు సీజన్ల గెలుపు ఓటముల లెక్క 17–13, 10–17, 11–17. వుడెన్‌కు మొదటి టైటిల్ వచ్చింది పదహారో సీజన్లో. వాళ్లను మొదటి మూడేళ్లకే కొలిచి ఉంటే మీ సీనియర్లకు ఈ పేర్లే తెలిసేవి కావు.

ప్రశ్న (ప్రిన్సిపాల్, పలాస): మాస్టారు మార్చి నెలలో చార్జి అప్పగిస్తారు. కోర్టు, సామాను విషయంలో ఏమేం చూసుకోవాలి?

జవాబు: టేపు, ఓ దారానికి కట్టిన రాయి, సుత్తి, స్క్రూడ్రైవర్, గాలి కొట్టే పంపుతో పాటు ప్రెషర్ గేజ్ పట్టుకుని దిగండి. మాస్టారు, కొత్తాయన ఇద్దరూ ఉండాలి.

రింగు పై అంచు నేల నుంచి 3.05 మీటర్లు, అంటే పది అడుగులు. ముందు వైపు ఒకసారి, రెండు పక్కలా ఒక్కోసారి కొలవాలి. ముందు వైపు తగ్గితే కుర్రాళ్లు వేలాడి వంచేశారని అర్థం, బోల్టులు బిగిస్తే సరిపోవచ్చు, ప్లేటు వంగితే మార్చాలి. అన్ని వైపులా సమానంగా రెండు మూడు అంగుళాలు తక్కువ ఉంటే రింగు తప్పు కాదు. పాత నేల మీద మళ్లీ సిమెంటు పోయించి ఉంటారు, నేల లేచింది, స్తంభం లేవలేదు. ఈ తప్పు మన దగ్గర చాలా కోర్టుల్లో ఉంది, ఏళ్ల తరబడి ఎవరూ కొలవరు. అలాంటి రింగు మీద సాధన చేసిన కుర్రాడి షాట్ బయట కోర్టులో పొట్టిగా పడుతుంది. బోర్డు కింది అంచు 2.90 మీటర్ల దగ్గర ఉండాలి.

తర్వాత గీతలు. మీ కోర్టులో రింగు కింద పెయింటు గడి పైన ఇరుగ్గా, కింద వెడల్పుగా ఉంటే అది 2010కి ముందుది. ఆ ఏడాది అంతర్జాతీయ నియమం మారింది. ఇప్పుడు అది 4.90 మీటర్ల వెడల్పు, 5.80 మీటర్ల పొడవు ఉన్న దీర్ఘచతురస్రం. మూడు పాయింట్ల గీత కూడా 6.25 నుంచి 6.75 మీటర్లకు జరిగింది. పాత గీత మీదే ఆడితే మీ షూటర్ యూనివర్సిటీ పోటీలకు వెళ్లి అర మీటరు దగ్గర దెబ్బతింటాడు. రింగు నడిమధ్య నుంచి దారం వదిలి నేల మీద గుర్తు పెట్టండి, ఎండ్‌లైన్ లోపలి అంచు నుంచి ఆ గుర్తు 1.575 మీటర్లు ఉండాలి. అక్కడి నుంచి 6.75 టేపు తిప్పి గీయాలి. మూలల్లో మాత్రం వంపు కాదు, సైడ్‌లైన్‌కు 90 సెంటీమీటర్ల దూరంలో నిలువు గీత. ఫ్రీత్రో గీతకు బోర్డు ముఖం నుంచి దారం వదిలి 4.60 కొలవండి. మొత్తం కోర్టు 28 బై 15, గీతల లోపలి అంచుల నుంచి.

స్తంభాలను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సముద్రం గాలి ఉన్న చోట ఇనుము నేలకు ఆనుకున్న జానెడు మేర తింటుంది, పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. సుత్తితో తట్టండి, గట్టి చోట గణగణమంటుంది, తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. స్క్రూడ్రైవర్ దిగిందంటే ఆ గోలు వెంటనే మూసేయాలి, వెల్డర్ వచ్చి కొత్త ప్లేటు వేసేదాకా ఎవరూ ఆడకూడదు. పైపైన తుప్పు అయితే వైరు బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఆరాక ఎనామిల్ రెండు పూతలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటింది మీ పలాస దగ్గరే. అంతకుముందు పాతిన స్తంభాలైతే పునాది కాంక్రీటులో పగుళ్లు కూడా చూడండి, మనిషి నెట్టితే బోర్డు ఊగి ఊగి ఆగుతుంటే అనుమానించాలి.

బంతులు. రిజిస్టర్‌లో డజను ఉంటాయి, గదిలో గాలి నిలిచేవి ఐదు ఉంటాయి. అన్నిటికీ 8 పీఎస్ఐ గాలి కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న 1.8 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే బంతి పైభాగం 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్య లేవాలి. లేచినవి మ్యాచ్‌కు, కాస్త తగ్గినవి ప్రాక్టీసుకు, మిగతావి కండెమ్ చేయించి రిజిస్టర్‌లోంచి తీసేయండి. మగపిల్లలకు 7వ సైజు, ఆడపిల్లలకు 6వ సైజు విడివిడిగా లెక్క రాయాలి. పంపు సూదిని పొడిగా గుచ్చితే వాల్వు చిరుగుతుంది, ఓ చుక్క గ్లిజరిన్ రాస్తే చాలు. సిమెంటు కోర్టుకు రబ్బరు బంతులే కొనండి, ఖరీదైన కాంపోజిట్ లెదర్ ఇక్కడ నెలల్లో అరిగిపోతుంది. వలకు పన్నెండు కొక్కేలు ఉంటాయి, నాలుగు ఊడితే వల చిక్కి బంతి ఇరుక్కుంటుంది. అరడజను వలలు అదనంగా ఉంచుకోండి.

చివర్లో ముగ్గురూ సంతకాలు చేసి, తేదీ వేసి, తలా ఒక కాపీ ఉంచుకోండి. ఈ సంతకాలు లేకపోతే రెండేళ్ల తర్వాత ఆడిట్ వచ్చి, మాస్టారి కాలంలో పగిలిన బంతులను కొత్తాయన జీతంలో వెతుకుతుంది.

ప్రశ్న (పూర్వ విద్యార్థి, రాజాం): సంక్రాంతికి అందరూ ఊళ్లకు వస్తారు. కనుమ మర్నాడు మాస్టారి గౌరవార్థం పాత టీమూ కొత్త టీమూ మ్యాచ్ పెడుతున్నాం. జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: పదేళ్లుగా పరిగెత్తనివాళ్లకు నలభై నిమిషాల ఆట వద్దు. ఆరేసి నిమిషాలు నాలుగు క్వార్టర్లు, గడియారం ఆపకుండా. జట్టుకు పన్నెండు మంది, ఎవరూ వరసగా మూడు నిమిషాలు మించి ఆడకూడదు. జనవరి పొద్దున్న సిమెంటు మీద మంచు తడి ఉంటుంది, ఎనిమిదిన్నర దాటాకే మొదలుపెట్టండి. పావుగంట ఒళ్లు వేడి చేసుకోకుండా దూకితే మడమ వెనక నరం పుటుక్కుమంటుంది, నలభై దాటినవాళ్లకు ఇది మామూలే. అటక మీద దాచిన పాత బూట్లు తేవద్దని ముందే చెప్పండి, జిగురు ఎండి సోల్ ఊడుతుంది. ఐదు కిలోల ఐసు, నాలుగు క్రేప్ బ్యాండేజీలు, పాత విద్యార్థుల్లో ఓ డాక్టరు బెంచీ దగ్గర ఉండాలి. ఉపన్యాసాలు మ్యాచ్ తర్వాతే. ముందు పెడితే వేడెక్కిన ఒళ్లు చల్లారిపోతుంది.

మాస్టారిని రిఫరీగా నిలబెట్టకండి, టాస్ వేయించండి. బంగారు ఉంగరం కంటే ఆయన పేరు మీద ఏటా పది బంతులు కొనేంత డిపాజిట్ వేస్తే మేలని మా అభిప్రాయం. ఖాతా ప్రిన్సిపాల్, పూర్వ విద్యార్థుల సంఘం ఉమ్మడి పేరు మీద ఉండాలి.

ప్రశ్న (అమ్మాయిల టీము కెప్టెన్, ఆమదాలవలస): మాస్టారు రెండు టీములనూ చూసేవారు. కొత్త సార్ అబ్బాయిలతోనే ఉంటున్నారు. ఎలా అడగాలి?

జవాబు: రాతపూర్వకంగా, ప్రిన్సిపాల్ గారికి, రెండు కోరికలే రాసి అడగండి. వారంలో మూడు సాయంత్రాలు పూర్తి కోర్టు మీకు కావాలి, ఆరు బంతులు 6వ సైజువి కావాలి. 7వ సైజుతో సాధన చేసి 6తో ఆడితే చేతికి లెక్క కుదరదు. బయటి ఊళ్లకు వెళ్లేటప్పుడు లేడీ లెక్చరర్ తోడు కూడా అందులోనే రాయించుకోండి. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరి మీ ఆమదాలవలస వైపు అమ్మాయే కదా, అడగడానికి మొహమాటం దేనికి? అమెరికాలో టెనెసీ అమ్మాయిల జట్టును 1974 నుంచి 2012 దాకా నడిపి ఎనిమిది టైటిళ్లు తెచ్చిన పాట్ సమిట్, 2011లో అల్జీమర్స్ బయటపడ్డాక కూడా ఒక సీజన్ ఉన్నారు. ఆ ఏడాది కోర్టు పని చాలావరకు ఆమె పాత శిష్యురాలు, అసిస్టెంట్ హోలీ వార్లిక్ చూసుకున్నారు. తర్వాతి కోచ్ కూడా ఆమే. మీలో మూడో ఏడాది అమ్మాయి ఒకరు ఇప్పటి నుంచే సార్ పక్కన స్కోరు షీటు రాయడం, వార్మప్ నడపడం మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న (చీపురుపల్లి): మా మాస్టారి పోస్టుకు నేను ప్రయత్నించాలనుకుంటున్నాను. అర్హతలేమిటి?

జవాబు: డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌కు యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వ్యాయామ విద్యలో పీజీ, 55 శాతం మార్కులు, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా దానికి సమానమైన అర్హత ఉండాలి. ఇంటర్ కాలేజియేట్, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో, రాష్ట్ర, జాతీయ స్థాయిలోనో ఆడిన రుజువు కూడా అడుగుతారు. బాస్కెట్‌బాల్ కోచింగ్ వేరు, అది కావాలంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంది, అంత వ్యవధి లేనివారికి ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. చాలామంది మర్చిపోయేది పరుగు పరీక్ష. మగవారు పన్నెండు నిమిషాల్లో 30 ఏళ్ల లోపు 1800 మీటర్లు, 40 లోపు 1500, 45 లోపు 1200, 50 లోపు 800 మీటర్లు పరిగెత్తాలి. ఆడవారికి ఎనిమిది నిమిషాలు, అవే వయసులకు 1000, 800, 600, 400 మీటర్లు. పరీక్షకు ముందు డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూపించాలి.